తోడు, మూడో సంఖ్య

నమోదు 1
లోతుపాలెం, అరవై ఒకటో ఏడు, 204వ రోజు

కొత్త సంపాదకుడు విద్యాచరణ్ గారు పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చి, మన నిఘంటువుకి పళ్లు ఊడిపోయాయన్నారు. నాకు అర్థం కాలేదు. తెర మీద వేలు పెట్టి చూపించారు. ఒకే రూపంలో ఉండి అర్థం వేరైన మాటలు నాలుగుంటే వాటి పక్కన 1, 2, 3, 4 అని సంఖ్యలు వేస్తాం. వాడుక పోయిందని రెండోదాన్ని తీసేస్తే 1, 3, 4 మిగులుతాయి. ఆ మధ్యలో ఖాళీ చూస్తే ఆయనకి అన్నం సయించదట.

"చూడ్డానికి ఒక అందం ఉండాలి కదా నూకరత్నం గారూ. ఖాళీలన్నీ మూసేద్దాం. మూడు రెండైతే, నాలుగు మూడవుతుంది. మొత్తం నాలుగొందల పన్నెండు చోట్ల ఉన్నాయి. మీరు రెండు రోజుల్లో చేసేస్తారు."

"మూయకూడదండీ," అన్నాను.

"ఎందుకు?"

ఎందుకో, ఈయనకి ముందు ముప్పై రెండేళ్లు సంపాదకుడిగా ఉండి చనిపోయిన కామేశం గారు నాకు మొదటి రోజే చెప్పారు. ఈ ఊళ్లో తలుపు తెరవాలన్నా, పొయ్యి వెలగాలన్నా, మందుల పెట్టె మాత్ర ఇవ్వాలన్నా గోడలో ఉన్న చెవి మన మాట విని, అది ఏ సంఖ్య మాటో మా నిఘంటువులో చూసుకుని గానీ కదలదు. మనుషుల దగ్గరున్న అనుమతి పత్రాల్లో కూడా ఉండేది మాట, పక్కన సంఖ్య, అంతే. అర్థం మా దగ్గర ఉంటుంది. మేం సంఖ్య జరిపితే ఎక్కడో ఎవరి పెట్టెలోనో ఉన్న పత్రం అర్థం జరిగిపోతుంది. అందుకని తీసేసిన మాట చోట 'ఈ సంఖ్య ఖాళీ' అని రాసి వదిలేయమనేవారు కామేశం గారు.

ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆయన గోళ్లు చూసుకుంటూ విన్నారు. మనిషి మాట్లాడుతుంటే గోళ్లు చూసుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

"పత్రాలు వాటంతటవే సర్దుకుంటాయి లెండి," అన్నారు.

సర్దుకోవు. అవి అనుమతుల శాఖలో ముద్ర వేసి ఉంటాయి. ముద్ర పడ్డాక ఒక్క అక్షరం కూడా మారదు. అది చెప్పబోతుంటే ఆయన గొంతు తగ్గించి, "మీ పై సెలవు కాయితం నా దగ్గరే ఆగి ఉంది. 213 నుంచి నాలుగు రోజులు. ఈ పని అయిపోగానే సంతకం పెట్టేస్తాను," అన్నారు.

పై సెలవంటే నీళ్ల పైకి వెళ్లడం. తేలే బల్లకట్టు మీద నాలుగు రోజులు ఎండలో కూర్చోవచ్చు. నేను అడగడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఎండ ఎలా ఉంటుందో నా చర్మం మర్చిపోయింది.

తలూపాను. ఊపిన తల మీద నాకే రోత పుట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అచ్చియ్యమ్మ గారి గిన్నె. మా పక్కిల్లు. నాలుగు రోజులకోసారి ఇంత పెరుగు పెట్టి వెళ్తుంది. పదకొండేళ్లుగా ఇదే వరస. చిన్నప్పటి నుంచీ నాకు పెరుగంటే కడుపులో తిప్పుతుంది. ఆ పులుపు, ఆ వణుకు, పైన ఆ నీళ్లు. ఊపిరి బిగబట్టి తూములో వంపేసి, గిన్నె మూలకి తోసేశాను. ఆ గిన్నె ముట్టుకోవడం కూడా నాకు ఇష్టం ఉండదు. మూడు రోజులు పడుండి ఎండిపోయాక వేణ్ణీళ్ల కింద దూరం నుంచి పట్టి తిరిగిచ్చేస్తాను.


నమోదు 2
205వ రోజు

పొద్దుటి నుంచీ మూస్తూనే ఉన్నాను.

పని ఏమీ లేదు. ఒక్కో మాటకీ కోణపు గుర్తుల మధ్య ఇలా ఉంటుంది:

<మాట సంఖ్య="3">తోడు</మాట>

3 తీసి 2 పెట్టాలి. పక్క మాటకి పోవాలి. కోతి కూడా చేస్తుంది. కోతి అయితే సెలవు కోసం చేయదు.

అసలు తప్పు ఈ ఊరు కట్టినప్పుడే జరిగింది. చదివేవాళ్ల కంటికి కనిపించే సంఖ్య ఒకటి, యంత్రం పట్టుకునే శాశ్వతమైన పేరు ఇంకొకటి, రెండూ విడివిడిగా ఉండాలి. కనిపించే సంఖ్య ఎన్నిసార్లు మార్చుకున్నా లోపలి పేరు కదలకూడదు. అప్పటివాళ్లకి బద్ధకమేసి రెంటికీ ఒక్క సంఖ్యే సరిపెట్టారు. అరవై ఏళ్లుగా ఆ బద్ధకం మీద నాలుగు వేల మంది కాపురం చేస్తున్నారు.

మాట తీసేసే నియమం కూడా చూడండి. ఐదేళ్లపాటు ఊళ్లో ఎవరి నోటా గోడ చెవికి వినబడకపోతే ఆ మాట పోయినట్టే. పుట్టి అనే గుండ్రటి పడవ పోయింది. తూము అనే ధాన్యం కొలత పోయింది. చక్రాల కారు ఎప్పుడో పోయింది. మధ్యాహ్నం 'తోడు' దగ్గరికొచ్చాను. ఒకటోది మనిషికి మనిషి తోడు. రెండోది నీళ్లు తోడటం. మూడోది పాలల్లో వేసే తోడు. ఇక్కడ అన్నీ కుళాయిలే, చేత్తో నీళ్లు తోడే పని ఎవరికుంది? అందుకని రెండోది తీసేశారు. మూడోదాన్ని రెండులోకి జరపాలి.

తనిఖీ మీట నొక్కాను. ఈ సంఖ్యను ఎవరైనా వాడుతున్నారా అని అది వెతుకుతుంది. వెతికేది నిఘంటువు లోపలే, పత్రాల జోలికి పోదు. 'ఎవరూ లేరు' అంది.

3 తీసి 2 పెట్టాను. ఆ సమయానికి నా వంటింట్లో అచ్చియ్యమ్మ గారి గిన్నె ఉంది, నా వేలి కింద ఆవిడ మాట ఉంది. రెంటినీ కలిపి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. బల్లకట్టు మీద చాప వేసుకోవాలా, దుప్పటి వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను.


నమోదు 3
206వ రోజు

నాలుగొందల పన్నెండూ అయిపోయాయి. విద్యాచరణ్ గారు తెరను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిప్పి చూసుకుని, "ఇప్పుడు చూడండి, ముత్యాల్లా ఉన్నాయి," అన్నారు. సెలవు కాయితం మీద సంతకం పెట్టారు. నేను థాంక్స్ చెప్పాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే చేదుగా ఉంది.

అనుమతుల శాఖ నుంచి మధ్యాహ్నానికే పదిహేను ఫిర్యాదులు. ఫలానా పత్రం చెల్లడం లేదని. ఆయన వాటిని పక్కన పడేసి కొత్తలో అలాగే ఉంటుందన్నారు.


నమోదు 4
207వ రోజు

ఈ రోజు మా వరసలోకి ఆవిరి బండి వచ్చింది.

పది రోజులకోసారి వస్తుంది. తలుపు తట్టదు, అడగదు. గిన్నెల్లో, సీసాల్లో ప్రాణమున్న పదార్థం ఏదైనా పత్రం లేకుండా ఉంటే ముక్కు పెట్టి పట్టేసి మరిగే ఆవిరి కొడుతుంది. దాన్ని తప్పు పట్టలేను. ఇరవై ఏళ్ల కిందట గాలి గొట్టాల్లో బూజు పట్టి ముప్పై ఏడుగురు ఊపిరాడక పోయారు. ఆ తర్వాత ప్రాణమున్న దేనికీ కొత్త అనుమతులు ఇవ్వడం మానేశారు. పాతవి ఉన్నవాళ్లవి ఉన్నాయంతే.

నేను ఇంటికొచ్చేసరికి అచ్చియ్యమ్మ గారు నా గుమ్మంలో కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఒళ్లో గిన్నె. గిన్నెలో ఉడికిపోయిన తెల్లటి విరుగు, నీళ్లు. వెగటు వాసన.

"ఏమైంది పిన్నీ?"

"కాయితం చూపించేనమ్మా. ఎప్పుడూ చూపించేదే. తోడు, మూడు, ఒక గిన్నె అని ఉంటాదా. ఆ మాట నిఘంటువులో లేదందా బండి. లేకపోడవేంటని అడిగేలోగా ఆవిరి కొట్టేసింది."

పక్కనే కూలబడ్డాను.

ఆ తోడు కథ ఈ వరసలో అందరికీ తెలుసు. గోదావరి లంకలన్నీ సముద్రంలో కలిసిపోయి జనాన్ని ఇక్కడికి దింపినప్పుడు, పదిహేనేళ్ల పిల్ల ఒక గుడ్డముక్కను పెరుగులో తడిపి ఎండబెట్టి జాకెట్టులో పెట్టుకుని దిగింది. ఆ గుడ్డ పాలల్లో వేసి తోడుపెట్టింది. అప్పటి నుంచి ఒక్క రోజు తెగలేదు. అదంతా ముసలమ్మ ముచ్చటని కొట్టిపారేయచ్చు. ఆవిడ భర్త గంగరాజు గారిని కొట్టిపారేయలేం. ఎనభై దాటినాయన. బూజు పట్టిన ఏడు ఆయన పేగుల్ని పాడుచేసింది. ఊరి వంటశాల పంపే ముద్ద ఏది పెట్టినా కక్కేస్తాడు. ఆ పెరుగు కలిపిన అన్నం ఒక్కటే నిలుస్తుంది.

"ఏం ఫరవాలేదులే," అందావిడ నా మోకాలు తట్టి, "నీ దగ్గరున్నాదిగా. మొన్న ఇచ్చేను. ఒక చెంచాడు తీసియ్యి. లంకలో అంతే గదా, ఒకరింట్లో విరిగిపోతే పక్కింటికెళ్లి అడిగేవోళ్లం. అందుకే గదా ఊరంతా పంచుకునేది."

నేను తల దించుకున్నాను. పదకొండేళ్లుగా తూములో పోస్తున్నానని ఆ మొహం చూసి ఎలా చెప్పను?

"తినేశాను పిన్నీ," అన్నాను.

ఆవిడ తలుపులోంచి నా వంటింటి మూలకి చూసింది. తర్వాత, "గిన్నె కడిగేసేవా?" అంది.

"లేదు."

"తే."

మూలనుంచి తెచ్చిచ్చాను. అడుగున, అంచుల చుట్టూ ఎండి పసుపుపచ్చగా పెచ్చు కట్టి ఉంది. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది, వాసన చూసింది, గోటితో ఒక పొక్కు లేపి నాలిక మీద వేసుకుంది. నేను మొహం తిప్పుకున్నాను.

"ఉన్నాది," అంది. "ఎండితే చావదమ్మా. నిద్దరోతాది. పది రోజులాగుతాది. దీన్ని నీ దగ్గరే ఉంచు. ఇప్పుడు పాలల్లో ఏస్తే మళ్లీ ఆ బండి పట్టేస్తాది. ఎండిందాన్ని దాని ముక్కు పట్టదు. ముందు ఆ కాయితం సంగతి చూడాల. నువ్వు మాటలాఫీసులోనేగా పని చేసేది, ఎవడు పీకేడో కనుక్కో."

కనుక్కుంటానన్నాను.


నమోదు 5

ఖాళీ. 208వ రోజు రాసింది తీసేశాను. సంఖ్య మాత్రం జరపను.


నమోదు 6
209వ రోజు

అనుమతుల శాఖలో గుమాస్తా నన్ను నిలబెట్టి మాట్లాడింది. కొత్త పత్రం ఇవ్వరు. పాతది దిద్దరు. "అందులో మూడు అని ఉందండి. మూడు ఉంటే చెల్లుతుంది, లేకపోతే చెల్లదు. మూడును లేకుండా చేసింది మీరే కదండి," అంది. నిజమే.

విద్యాచరణ్ గారి దగ్గరికెళ్లాను. సంగతంతా చెప్పాను. గంగరాజు గారు నిన్నటి నుంచి కక్కుతున్నాడని కూడా చెప్పాను.

"పాపం," అన్నారు. "వచ్చే కూర్పులో చూద్దాం. మూడు నెలలే కదా. ఇప్పుడు మధ్యలో ఖాళీ పెట్టమంటే కుదరదు. చేసిందంతా మళ్లీ పాడవుతుంది."

"ఆయన మూడు నెలలుండడండీ."

"వంటశాలలో పెరుగు ముద్ద ఇస్తున్నారు కదా. శుభ్రమైనది."

ఆ ముద్ద నేను చూశాను. సున్నంలా ఉంటుంది. అందులో ప్రాణం ఉండదు కాబట్టే శుభ్రం. ఈయన కూడా అంతే శుభ్రంగా ఉన్నాడనిపించింది. ఒక మరక లేదు, ఒక వాసన లేదు. ఇలాంటి శుభ్రం కంటే అచ్చియ్యమ్మ గారి గిన్నెలో పెచ్చు నయం.

నా బల్ల దగ్గర కూర్చుని నియమావళి మొదటి నుంచి చదివాను. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో పూర్తిగా చదవడం ఇదే మొదటిసారి. దారి ఒకటి దొరికింది. పోయిన మాటను మళ్లీ చేర్చవచ్చు. అందుకు ఒక వారం లోపల ముగ్గురు వేర్వేరు మనుషులు ఆ మాటను వాడుతూ గోడ చెవికి వినబడాలి. అప్పజెప్పినట్టు చదివితే ఒప్పుకోదు. ఆ పని చేస్తూ మాట్లాడుకోవాలి. చేర్చాక నాలుగు రోజులు అభ్యంతరాలకి గడువు. ఆ నాలుగు రోజులూ చేర్చినవాళ్లు బల్ల దగ్గర హాజరుండాలి. లేకపోతే చేర్చింది కొట్టివేయబడుతుంది.

ఇప్పుడు వరసలో 1 మనిషి తోడు, 2 పెరుగు తోడు. పెరుగు తోడును తీసి పక్కన పెట్టి, నీళ్లు తోడటాన్ని చేరిస్తే దానికి 2 వస్తుంది. ఆ తర్వాత పెరుగు తోడును మళ్లీ చేరిస్తే 3 వస్తుంది. పెరుగు తోడుకి సాక్ష్యం కొత్తగా అక్కర్లేదు, అచ్చియ్యమ్మ గారి గొంతు గోడలో రోజూ ఉంది. కావలసింది నీళ్లు తోడే ముగ్గురు.

ఆ తర్వాత వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఆదరాబాదరాగా చేసినా గడువు 213 నుంచి 216. అవే నా ఎండ రోజులు. చాలాసేపు ఆ సెలవు కాయితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అచ్చియ్యమ్మ గారి మీద కూడా కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. నేను అడిగానా ఆవిణ్ణి, పెరుగు పెట్టమని?


నమోదు 7
211వ రోజు

ఈ ఊళ్లో చేత్తో తోడదగ్గ నీళ్లు ఒకే ఒక్క చోట ఉన్నాయి. ఏడో వరస కింద మురుగు గుంట. పంపు కడగడానికని ఈ మధ్యాహ్నం రెండు గంటలు ఆపుతారు. ఆ రెండు గంటల్లో మేం వెళ్లాం.

గంగరాజు గారిని రావద్దన్నాను. నాలుగు రోజులుగా ఏదీ నిలవక ఆయన మొహం పీక్కుపోయింది. ముగ్గురు కావాలిగదా, మూడోవోణ్ణి ఎక్కణ్ణించి తెస్తావని అచ్చియ్యమ్మ గారి భుజం పట్టుకుని మెట్లు దిగాడు.

ఆ గుంట గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. నాలుగు వేల మంది జుట్టు, నూనె, సబ్బు నురుగు, అన్నం మెతుకులు, ఇంకా ఏవేవో కలిసి పైన బూడిదరంగు మీగడలా తేలుతున్నాయి. మూత తీయగానే వాసన కళ్లలోకి వచ్చింది. నేను ముక్కుకి చెంగు కట్టుకున్నాను. కట్టుకున్నా లాభం లేదు. గోడ మీద చెవి, దాని పక్కన చిన్న దీపం. మాట ఒప్పుకుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది.

బకెట్టు ముంచి పక్క కాలవలో పోశాను. "నేను నీళ్లు తోడుతున్నాను," అన్నాను గోడ వైపు తిరిగి.

దీపం వెలగలేదు.

"మేము నీళ్లు తోడుచున్నాము," అన్నాను.

ఊహూ.

"అలా ఎవరు మాటాడతారమ్మా, బళ్లో పాఠంలాగ," అన్నాడు గంగరాజు గారు. గట్టు మీద కూర్చుని డబ్బా ముంచుతూ. చేతులు వణుకుతున్నాయి గానీ, ముంచడం, లేపడం, పక్కకి విసరడం మాత్రం ఒక్క ఊపులో జరుగుతున్నాయి. రేవులో పడవ నడిపిన చేతులవి. "లంకలో పడవకి చిల్లడితే ఇలాగే తోడేవోళ్లం. ఒకడు తెడ్డేస్తే ఒకడు తోడేవోడు. మా అయ్య అనేవోడు, ఒరే తోడటం ఆపేవంటే మునిగిపోతావురా అని. ఒకపాలి వరదలో నేనొక్కణ్ణే తెల్లార్లూ తోడేను, తెలుసా?"

దీపం వెలిగింది.

ఆయన దాన్ని చూడనే లేదు. తోడుతూనే ఉన్నాడు. అరవై ఏళ్లుగా ఆయన నోటికి ఈ మాట అవసరం పడలేదు, చేతులకి మాత్రం గుర్తుంది.

"చాల్లెండి, ఆయాసపడతన్నారు," అంది అచ్చియ్యమ్మ గారు. "ఇటివ్వండి, నేను తోడతాను."

దీపం మళ్లీ వెలిగింది. మిగిలింది నేను.

ఎన్ని రకాలుగా అన్నానో. నవ్వుతూ అన్నాను, మామూలుగా అన్నాను. ఇరవై తొమ్మిదేళ్లు మాటలకి సంఖ్యలు వేసిన మనిషికి ఒక్క మాట మామూలుగా అనడం చేతకాలేదు. గోడకి నా గొంతులో నిఘంటువే వినబడుతోంది. అరగంట గడిచింది. పంపు మళ్లీ వేసే వేళవుతోంది. గంగరాజు గారు గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"తోడమ్మా, ముక్కు తరవాత మూసుకుందువుగాని," అని అచ్చియ్యమ్మ గారు నా బకెట్టును ముందుకు తోసింది. అది గట్టుకి తగిలి ఒరిగింది. ఆ బూడిదరంగు మీగడంతా నా చీర మీద, మెడ మీద, నోటి పక్కన పడింది. వెచ్చగా ఉంది. వెచ్చగా ఉండటమే భరించలేకపోయాను.

"ఛీ, ఎంతసేపు తోడాలండీ ఈ దరిద్రాన్ని," అని ఏడుపుగొంతుతో అన్నాను.

దీపం ఆకుపచ్చగా వెలిగింది.

ముసలాళ్లిద్దరూ ముందు దీపం వైపు, తర్వాత నా వైపు చూశారు. గంగరాజు గారు కళ్లు తెరిచి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. నేను మూలకెళ్లి వాంతి చేసుకున్నాను.


నమోదు 8
213వ రోజు

నిన్న రెండు మాటలూ చేర్చాను. నీళ్లు తోడటం 2. పెరుగు తోడు 3. గడువు ఈ రోజు మొదలైంది.

పొద్దున పైకి వెళ్లే గది తలుపు తెరిచినప్పుడు నేను నా బల్ల దగ్గర ఉన్నాను. ఎనిమిది మంది సంచులు పట్టుకుని వెళ్లారు. నా చోటు ఖాళీగా పోయింది. మళ్లీ ఆరేళ్లు.

విద్యాచరణ్ గారు నన్ను చూసి ఆశ్చర్యపోయారు. "ప్రయాణం మానుకున్నారా?"

"మానుకున్నానండీ." తెర ఆయన వైపు తిప్పాను. రెండు రోజులుగా సిద్ధం చేసుకున్న జవాబులన్నీ నా దగ్గరున్నాయి. ఆయన ఒక అభ్యంతరం చెబితే నేను పది చెప్పాలి. నాలుగు రోజులు పోట్లాడాలని పళ్లు బిగించి కూర్చున్నాను.

ఆయన తెర చూశారు. 1, 2, 3. కిందికి తిప్పి, పైకి తిప్పి చూశారు.

"బాగుంది. ఖాళీ లేదుగా," అన్నారు. గోళ్లు చూసుకుంటూ వెళ్లిపోయారు.

అంతే. అభ్యంతరం లేదు. ప్రశ్న లేదు. ఆ మాటలేమిటో, వాటి వెనక ఎవరున్నారో ఆయన చదవను కూడా లేదు. నా ఎండ పోయింది, నా ఒంటికి ఆ గుంట వాసన పట్టింది, ఒక ముసలాయన ఇంకా మంచినీళ్లతోనే బతుకుతున్నాడు, ఈయనకి కనిపించింది మూడు అంకెలు. నాకు కోపం కూడా రాలేదు. చేతికి జిడ్డు అంటుకున్నట్టుంది.

అయినా హాజరు హాజరే. లేచి వెళ్తే కొట్టేస్తారు. నాలుగు రోజులు కూర్చోవాలి కాబట్టి పని పెట్టుకున్నాను. ప్రతి మాటకీ అడుగున 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంది. దాన్ని ఎవరూ చదవరు. అందులో ఒక్కో మాటకీ ఎప్పటికీ మారని పేరు ఒకటి పెట్టుకుంటూ వస్తున్నాను. పాత సంఖ్య ఏదో కూడా పక్కనే రాస్తున్నాను. చెల్లని పత్రాలు నలభై మూడని తేలింది. ఒక్కొక్కరి పేరూ కాయితం మీద రాసుకున్నాను. ముందు ఎవరిది సరిచేయాలో వాళ్లనే అడుగుతాను. కామేశం గారుంటే ఈ గడిలో రాయడం దొంగపని అనేవారు. అనుకోనీ.


నమోదు 9
217వ రోజు

నిన్న సాయంత్రం గడువు తీరింది. పత్రం చెల్లింది.

అచ్చియ్యమ్మ గారు నా వంటింట్లోనే కూర్చుని పాలు గోరువెచ్చగా కాచింది. పెచ్చులు గోటితో రాల్చి అందులో వేసి, గిన్నె తన ఇంటికి పట్టుకెళ్లింది. పది రోజుల గడువు చివరి రోజది. పొద్దున్న లేవగానే పక్కింటి తలుపు దగ్గరికి పరిగెత్తాను, పెరుగు తోడుకుందా లేదా అని చూడటానికి, నేను.

తోడుకుంది. పల్చగా, తీగ సాగుతూ. గంగరాజు గారు రెండు ముద్దలు తిన్నాడు. గంట చూశాం. నిలిచింది. ఇంకో రెండు ముద్దలు అడిగాడు.

ఈ రోజు పని నుంచి వచ్చేసరికి నా గుమ్మంలో గిన్నె. పక్కన అచ్చియ్యమ్మ గారు. ఇక మోయలేకపోయాను.

"పిన్నీ, ఆ రోజు తినేశానన్నాను. తినలేదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా తినలేదు. తూములో పోసేశాను."

"తెలుసు," అందావిడ.

"తెలుసా?"

"మీ తూమూ మా తూమూ ఒకటేగదే. నువ్వు పోసినప్పుడల్లా మా గదిలోకి వాసనొస్తాది."

"మరి ఎందుకిస్తున్నారండీ ఇన్నేళ్లూ?" అన్నాను.

"ఎదురింటోళ్లకిచ్చి చూసేను మొదట్లో. మంచోళ్లు. చివరిచుక్క దాకా తినేసి, గిన్నె తళతళా తోమి అప్పుడే తెచ్చిచ్చేవోరు. ఇక దాంట్లో ఏముంటాది? నువ్వు ముట్టుకోవు. మూడ్రోజులు కడగవు. నా ఇంట్లో ఏదైనా అయితే నీ మూల గిన్నెకి ఇంత అంటుకునుంటాదిలే అని, నీకిచ్చేను."

గిన్నె నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

గిన్నె పట్టుకుని లోపలికొచ్చాను. నన్ను ఇష్టపడి పెడుతోందనుకున్నాను. జాలిపడి పెడుతోందనుకున్నాను. నా అసహ్యాన్ని నమ్ముకుని పెడుతోందని అనుకోలేదు. ఈ ఊళ్లో నన్ను అంత సరిగ్గా చదివిన మనిషి ఇంకొకరు లేరు.

ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. అదే పులుపు, అదే వణుకు. ఉమ్మేశాను. మిగిలింది తూములో పోశాను. ఆవిడకి వాసన వెళ్లే ఉంటుంది.

గిన్నె కడగలేదు. మూలన పెట్టి, ఈసారి మాత్రం పైన మూత పెట్టాను.